రోకలిబండ ఒంటి మీద నల్లి: మందు కంటే ముందు మట్టిని చూడాలి

పెంపుడు రోకలిబండ (మిల్లిపీడ్) కాళ్ల సందుల్లో తెల్లటి నలుసులు కదలడం కనబడగానే పెంచేవారి చూపు మందు సీసా వైపు పోతుంది. మిరపలో తెల్లనల్లి, కొబ్బరిలో ఈరియోఫిడ్ నల్లి చూసి ఎరిగిన తెలుగువారికి నల్లికి విరుగుడు అంటే గంధకమో వేపనూనో. పొలంలో అది సరైన ఆలోచనే. తొట్టెలో మాత్రం అదే ఆలోచన రోకలిబండ ప్రాణం తీస్తుంది. మొక్కకూ నల్లికీ ఒంటి తీరులో పోలిక లేదు కాబట్టే నల్లి చచ్చి మొక్క బతుకుతుంది. రోకలిబండకూ నల్లికీ మధ్య అంత ఎడం లేదు. రెండూ కీళ్లకాళ్ల జీవులే, నరాలు పనిచేసే తీరూ దగ్గర దగ్గరే. పర్మెత్రిన్, ఫిప్రోనిల్, ఐవర్‌మెక్టిన్ వంటి మందులు సరిగ్గా ఆ నరాల మీదే దెబ్బ కొడతాయి. కుక్కకు పిడుదులు పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందు కుక్కను ఏమీ చెయ్యదు కదా అని రోకలిబండకు వాడితే, నల్లితో పాటు అదీ పోతుంది. మోతాదు తగ్గించి వాడటం కూడా పరిష్కారం కాదు. నల్లిని చంపే మోతాదుకూ రోకలిబండను చంపే మోతాదుకూ మధ్య నమ్మదగిన ఖాళీ లేదు.

దీనికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. పెంపుడు రోకలిబండల మీద కనబడే నల్లిలో ఎక్కువ భాగం వాటి రక్తం తాగేది కాదు. అది మట్టిలో, మిగిలిపోయిన తిండిలో పెరిగి, రోకలిబండను వాహనంగా వాడుకుంటుంది. ఒంటి మీద నల్లి పెరిగిందంటే తొట్టెలో తేమ, గాలి, తిండి లెక్క ఎక్కడో తప్పిందని అర్థం. ఆ లెక్క సరిచెయ్యకుండా ఒంటి మీది నల్లిని ఎన్నిసార్లు దులిపినా రెండు మూడు వారాల్లో మళ్లీ అదే స్థితి వస్తుంది.

ముందు ఏ నల్లో తేల్చుకోవాలి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే చాలు. మొబైల్‌కు తగిలించే మాక్రో లెన్స్ కూడా పనికొస్తుంది. మెత్తటి కుంచెతో ఒంటి మీద నుంచి నాలుగైదు నల్లిని తీసి, కుంచెను పారదర్శకమైన సెల్లోటేపు జిగురు వైపు తాకిస్తే అవి అంటుకుపోతాయి. ఆ టేపును నల్ల కాగితం మీద ఒకసారి, తెల్ల కాగితం మీద ఒకసారి పెట్టి చూడాలి. టేపును నేరుగా రోకలిబండకు అంటించకూడదు, కాళ్లు ఊడివస్తాయి.

మెరిసే గోధుమ రంగులోనో నలుపులోనో గుండ్రంగా ఉండి, మట్టిలో నెమ్మదిగా నడిచేవి ఒరిబాటిడ్ నల్లి. చివికిన ఆకుల్లో, బూజులో బతుకుతాయి, మట్టిని బాగుచేస్తాయి. వాటిని ముట్టుకోనక్కర్లేదు.

తెల్లగా, ఇంచుమించు పారదర్శకంగా, ఒంటి మీద పొడవాటి వెంట్రుకలతో, 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల సైజులో తిండి మీద గుంపులు కట్టేవి ధాన్యపు నల్లి జాతులు. పాత పిండిలో, పురుగు పట్టిన ధాన్యంలో, చేపల మేతలో కనబడే టైరోఫేగస్ ప్యూట్రెసెన్షియే ఈ కోవలోదే. తొట్టె గోడ మీద దుమ్ము పేరుకున్నట్టు కనబడి, ఆ దుమ్ము కదులుతూ ఉంటే అది ఇదే. తొట్టెల్లో వచ్చే గొడవల్లో పెద్ద వాటా దీనిది.

ఈ కోవలోని చాలా నల్లి జాతులకు ఇంకో రూపం ఉంది. పెంచేవారిని బాగా తికమక పెట్టేది అదే. ఈ జాతులు గుడ్డు, ఆరు కాళ్ల పిల్ల, తర్వాత ఎనిమిది కాళ్ల దశలు దాటి పెద్దవవుతాయి. ఈ కుటుంబాల్లోని చాలా జాతులు తిండి తగ్గి, గుంపు కిక్కిరిసి, మట్టి ఆరడం మొదలైతే మధ్యలో హైపోపస్ అనే దశలోకి మారతాయి. హైపోపస్‌కు పనిచేసే నోరు ఉండదు. ఒళ్లు చదునుగా, గట్టిగా, లేత గోధుమ రంగులో ఉంటుంది. కడుపు వెనుక భాగంలో చూషకాల (పీల్చి అతుక్కునే గిన్నెల్లాంటి అవయవాల) పలక ఉంటుంది. దాంతో నడిచే ఏ జీవికైనా అతుక్కుని కొత్త చోటికి ప్రయాణం చేస్తుంది. రోకలిబండ కాళ్ల మొదళ్లలో, తల వెనుక మెడ పట్టీ కింద, ఉంగరాల అంచుల్లో కదలకుండా వరుసగా అంటుకుని కనబడే గోధుమ చుక్కలు చాలాసార్లు ఇవే. నోరే లేదు కాబట్టి ఇవి కొరకవు, తాగవు. కానీ మందులనూ ఆరడాన్నీ మిగతా దశలకంటే బాగా తట్టుకుంటాయి. అందుకే తొట్టెను ఒక్కసారిగా ఎండబెడితే నల్లి పోవడానికి బదులు ఒంటి మీదికి ఎక్కేస్తుంది.

ఇక గోధుమ, నారింజ రంగుల్లో ఉండి, 0.5 నుంచి 1 మిల్లీమీటరు దాకా పెరిగి, ఒంటి మీద చురుగ్గా పరిగెత్తేవి వేరు. అడవిలో పట్టి తెచ్చిన పెద్ద రోకలిబండలతో ఇవి వస్తాయి. జూలోలేలాప్స్ అనే ప్రజాతి రోకలిబండలతో కలిసి బతకడానికే అలవాటుపడింది. ఇంకా విచిత్రమైనవి హెటెరోజెర్కోనిడే కుటుంబపు నల్లి. కింది వైపు పెద్ద చూషకాలతో పళ్లెంలా చదునుగా ఉంటాయి. 2003లో అమెరికాలోని ఒహాయో పేరుతో వర్ణించిన నార్సియోహెటెరోజెర్కాన్ ఒహాయోఎన్సిస్, అక్కడి నార్సియస్ రోకలిబండల మీద బతుకుతుంది. ఇలాంటి సహవాసులు ఒకటో పదో ఉంటే రోకలిబండ ఆరోగ్యంలో తేడా రాదు. ఇవి ఒంటి మీది మురికినీ స్రావాలనూ తిని సరిపెట్టుకుంటాయని చాలామంది పెంపకందారుల అభిప్రాయం. రోకలిబండకు అంటిపెట్టుకుని ఉన్నంత మాత్రాన పరాన్నజీవి అనెయ్యడం తొందరపాటు.

నిజంగా అనుమానించాల్సింది ఉంగరాల మధ్య మెత్తటి పొరలో తల దూర్చి, కుంచెతో తోసినా రాకుండా, ఉబ్బినట్టు ఉండే నల్లిని. ఎర్రటి, ఆరు కాళ్ల ట్రాంబిడిడ్ నల్లి పిల్లలు కొన్ని కీళ్లకాళ్ల జీవుల మీద ఇలా బతుకుతాయి. పెంపకంలో పుట్టిన రోకలిబండల మీద ఇవి అరుదు.

కారణం ఏది, ఫలితం ఏది

చచ్చిపోయిన రోకలిబండ మీద వేల కొద్దీ నల్లి కనబడుతుంది. అది చూసి నల్లే చంపిందని తీర్మానిస్తారు. చాలా సందర్భాల్లో జరిగింది దీనికి తలకిందులు. ముసలితనం వల్లో, ఎండిపోవడం వల్లో, కుబుసం విడవడంలో ఇబ్బంది వల్లో జంతువు నీరసించింది, కదలడం తగ్గింది, ఒంటి మీది నల్లిని రుద్దుకుని రాల్చుకోలేకపోయింది, కుళ్లడం మొదలవగానే నల్లికి విందు దొరికింది. అడవిలో పట్టిన పెద్ద రోకలిబండ కొన్నప్పుడు దాని వయసెంతో ఎవరూ చెప్పలేరు. పెంపుడు జంతువుల అంగళ్లలో బాగా కనబడే తూర్పు ఆఫ్రికా జాతి ఆర్కిస్పైరోస్ట్రెప్టస్ గిగాస్ సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లు బతుకుతుంది. చేతికి వచ్చేనాటికే అందులో చాలా భాగం గడిచి ఉండవచ్చు.

అలాగని నల్లి ఎంత పెరిగినా పట్టించుకోనక్కర్లేదని కాదు. రోకలిబండ ఒంట్లో చాలా ఉంగరాలకు రెండేసి జతల కాళ్లు, ఆ కాళ్ల మొదళ్ల దగ్గరే రెండేసి జతల శ్వాసరంధ్రాలు ఉంటాయి. నల్లి దట్టంగా చేరేది కూడా సరిగ్గా అక్కడే. వందల సంఖ్యలో పేరుకుంటే గాలి ఆడటం కష్టమవుతుంది, మీసాల మొదళ్లలోనూ నోటి చుట్టూనూ చేరితే తిండి మానేస్తుంది. పగలూ రాత్రీ ఆగకుండా గోడల వెంట తిరగడం, మట్టిలోకి దిగకుండా పైనే ఉండిపోవడం, కాళ్లు ఊడటం, ఉంగరాల మధ్య తెల్లటి పొర బయటికి కనబడేలా ఒళ్లు సాగడం, ఇవన్నీ ఆలస్యం చెయ్యకూడని సూచనలు. చిన్న పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ. 2 సెంటీమీటర్ల పిల్ల మీద యాభై నల్లి అంటే అది మోయలేని బరువు.

నల్లి ఎందుకు విజృంభిస్తుంది

తిండి మొదటి కారణం. చేపల మేత, కుక్క బిస్కెట్, పుట్టగొడుగు ముక్క వంటి మాంసకృత్తులున్న తిండి రోకలిబండకు అప్పుడప్పుడూ మంచిదే. రాత్రి వేసి మర్నాడు తియ్యకపోతే అదే నల్లికి పురిటిగది. 25 డిగ్రీల వేడి, తడి మట్టి ఉంటే ధాన్యపు నల్లి రెండు మూడు వారాల్లో గుడ్డు నుంచి పెద్ద దశకు చేరుతుంది. ఒక్కో ఆడది వందల గుడ్లు పెడుతుంది. మూడు తరాలు దాటేసరికి తొట్టె నిండిపోతుంది.

రెండోది తేమ నిలిచే తీరు. ఈ నల్లి పలచటి చర్మం గుండా నీటిని కోల్పోతుంది, గాలిలో తేమ 60 నుంచి 65 శాతం కంటే తగ్గితే నిలదొక్కుకోలేదు. రోకలిబండకూ తేమ కావాలి, దాని పెంకు మీద నీటిని ఆపే మైనపు పూత బలంగా ఉండదు. కాబట్టి తొట్టె మొత్తాన్ని ఎండబెట్టి నల్లిని ఓడించడం కుదరదు. అయినా ఒక తేడాను వాడుకోవచ్చు. రోకలిబండ 10, 20 సెంటీమీటర్ల లోతుకు దిగి తేమ వెతుక్కోగలదు. నల్లి గుంపు పెరిగేదేమో పై పొరలోనూ తిండి చుట్టూనూ. అడుగు తడిగా, పై 3 సెంటీమీటర్లు కాస్త పొడిగా ఉంచగలిగితే రోకలిబండకు నష్టం లేకుండా నల్లికి చోటు తగ్గుతుంది. రోజూ పై నుంచి పిచికారీ చేసే అలవాటు దీన్ని చెడగొడుతుంది. నీళ్లు మూలన ఒక గొట్టం దింపి అడుగుకు పొయ్యాలి.

గాలి ఆడకపోవడం మూడో కారణం. మూత మీద మాత్రమే రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో తడిగాలి కదలదు. ఎదురెదురు గోడలకు, ఒకవైపు కింద, ఇంకోవైపు పైన, 4 సెంటీమీటర్ల వ్యాసంలో రంధ్రాలు కోసి సన్నటి స్టీలు జాలీ అంటిస్తే పై పొర దానంతట అదే ఆరుతూ ఉంటుంది.

నాలుగోది పెంచేవారికి మింగుడుపడనిది. అతిశుభ్రత కూడా నల్లిని పెంచుతుంది. ఓవెన్‌లో కాల్చి, అన్ని జీవులనూ చంపిన మట్టిలో పోటీ ఉండదు, వేటాడేవీ ఉండవు. తిండితో పాటు ఒక్క నల్లి లోపలికి వెళ్లినా దానికి అడ్డు లేదు. కొత్తగా అమర్చిన తొట్టెల్లో రెండో నెలలో నల్లి విరగబడటానికి తరచుగా కారణం ఇదే.

ఒంటి మీది నల్లిని తీయడం

ముందు ఆ రోకలిబండ కుబుసం విడిచే దశలో ఉందేమో చూడాలి. వారాల తరబడి మట్టి లోపలి గదిలో చుట్టుకుని, పాలిపోయి, మెత్తగా ఉంటే దాన్ని తవ్వి తీయకూడదు. ఆ సమయంలో పెంకు గట్టిపడలేదు, చిన్న ఒత్తిడికే చీలుతుంది. దాన్ని అలాగే వదిలి మట్టి పని మాత్రం చెయ్యాలి.

పైన తిరిగేదైతే నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని అరచేతిలోకి నడిపించాలి. కాళ్లతో పట్టుకుని ఉన్నప్పుడు లాగితే కాళ్లు తెగుతాయి. కలవరపడినప్పుడు చాలా రోకలిబండ జాతులు బెంజోక్వినోన్‌లనే ఘాటు రసాయనాలున్న గోధుమ స్రావం వదులుతాయి. చర్మం మీద పడితే చాలా రోజులు మరక ఉంటుంది, కంట్లో పడితే ప్రమాదం. పడిన వెంటనే నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి.

వాటర్ కలర్ వేసే 1 లేదా 2 నంబరు మెత్తటి కుంచె, గోరువెచ్చనికంటే తక్కువ, అంటే 25 డిగ్రీల నీళ్లు ఒక గిన్నెలో, వేడినీళ్లు ఇంకో గిన్నెలో సిద్ధంగా పెట్టుకోవాలి. కుంచెను మొదటి గిన్నెలో ముంచి, బట్టకు ఒత్తి, చెమ్మ మాత్రమే మిగిలేలా చేసి, తల నుంచి తోక వైపు ఒకే దిశలో తుడవాలి. ప్రతి రెండు మూడు తుడుపులకు కుంచెను వేడినీళ్లలో జాడించి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టాలి. మెడ పట్టీ కింద, మొదటి అయిదారు ఉంగరాల కాళ్ల మధ్య ఎక్కువ ఓపిక కావాలి. అయిదు నిమిషాలు దాటకుండా ఆపి, మిగిలింది రెండు రోజుల తర్వాత చెయ్యడం మేలు. చుట్టుకున్న రోకలిబండను విప్పదియ్యకూడదు, అదే విప్పుకునేదాకా ఆగాలి.

నీళ్లలో కడగడం గురించి జాగ్రత్తగా చెప్పాలి. సన్నని ముక్కున్న సీసాతో వీపు మీద నుంచి పల్చటి ధార ఒక అర నిమిషం పోస్తే వదులుగా ఉన్న నల్లి కొట్టుకుపోతుంది. జంతువును ప్లాస్టిక్ జల్లెడలో తల ఎత్తుగా ఉండేలా ఉంచాలి, నీరు కిందికి పోతూ ఉండాలి. గిన్నెలో ముంచడం, కడుపు వైపు ధార కొట్టడం ప్రమాదం, శ్వాసరంధ్రాలు అటే ఉన్నాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే రాత్రంతా మూత తీసి ఉంచిన నీళ్లు వాడాలి. క్లోరమైన్ కలిపే ఊళ్లలో మాత్రం నిలవ ఉంచినా పోదు, అక్వేరియం వాళ్లు వాడే డీక్లోరినేటర్ చుక్క వెయ్యాలి.

తర్వాత దాన్ని తడి టిష్యూ కాగితం పరిచిన డబ్బాలో, దాక్కోవడానికి ఒక బెరడు ముక్కతో, 3 నుంచి 5 రోజులు ఉంచవచ్చు. కాగితం రోజూ మార్చి, పాతదాన్ని మరిగే నీళ్లలో వెయ్యాలి. తినడానికి కీరదోస ముక్క చాలు. అయిదు రోజులకంటే ఎక్కువ ఉంచకూడదు. రోకలిబండకు అసలు తిండి ఆ మట్టే.

వాసెలిన్, గ్లిజరిన్, ఆముదం, వేపనూనె రాయమనే సలహాలు తిరుగుతూ ఉంటాయి. నూనె నల్లికి ఊపిరాడకుండా చేసే మాట నిజమే, శ్వాసరంధ్రంలోకి పారి రోకలిబండకూ అదే చేస్తుంది. డయాటమేషియస్ ఎర్త్ (డయాటమ్ నాచు పెంకుల మెత్తటి పొడి) తడవకుండా ఉంటేనే పనిచేస్తుంది, తడి తొట్టెలో వృథా, ఒంటి మీద చల్లితే రోకలిబండనే ఆర్చేస్తుంది.

మట్టిలో ఎర పెట్టి ఏరడం

మట్టి మార్చే ముందు చెయ్యదగిన, ఖర్చు లేని పని ఇది. సాయంత్రం ప్లాస్టిక్ మూత మీద కీరదోస చక్రం గానీ, కర్బూజ తొక్క గానీ పెట్టి మట్టి మీద ఉంచాలి. ఉదయం అయ్యేసరికి కింది వైపు నల్లి గుంపు చేరుతుంది. మూతతో సహా ఎత్తి మరిగే నీళ్లలో ముంచి పారేయాలి. తొట్టెలో వేరే తిండి ఏదీ లేకుండా రెండు వారాలు రోజూ ఇలా చేస్తే గుంపు బాగా పలచబడుతుంది. ఆకులు, చివికిన కర్ర ఉన్నంతవరకు రోకలిబండ ఆకలికి లోటు రాదు.

లెక్క తెలియడానికి వారానికి ఒకసారి అదే సైజు ముక్కను అంతే సేపు ఉంచి, నల్ల కాగితం మీద దులిపి చూడాలి. ఒక్కో నల్లిని లెక్కపెట్టనక్కర్లేదు. పదుల్లో ఉందా, వందల్లో ఉందా, అంతకు మించిందా అని రాసుకుంటే ఏ మార్పు పనిచేస్తోందో తెలుస్తుంది. కంటి అంచనా మీద ఆధారపడితే తడి రోజున ఎక్కువ, పొడి రోజున తక్కువ అనిపిస్తుంది.

వేటనల్లి

తొట్టె నల్లికి ఇప్పుడున్న మార్గాల్లో బాగా పనిచేసేది ఇంకో నల్లే. గ్రీన్‌హౌస్‌లలో ఫంగస్ ఈగల పిల్లల మీద వాడే స్ట్రాటియోలేలాప్స్ సిమిటస్‌ను పెంపకందారులు కూడా వాడుతున్నారు. పాత పేరు హైపోయాస్పిస్ మైల్స్, ఇప్పటికీ కొన్ని సీసాల మీద అదే ఉంటుంది. లేత గోధుమ రంగులో, ఒక మిల్లీమీటరుకు లోపే ఉండి, పై రెండు మూడు సెంటీమీటర్ల మట్టిలో చకచకా తిరుగుతుంది. ఒక్కోటి రోజుకు 1 నుంచి 5 ఎరలను తింటుంది. రోకలిబండ ఒంటి మీదికి ఎక్కినా దాన్ని కొరకదు, అక్కడి నల్లిని వెతుక్కుంటుంది.

గ్రీన్‌హౌస్ లెక్కలు చదరపు మీటరుకు 100 నుంచి 250 దాకా చెబుతాయి. ఆ లెక్కన 60 × 40 సెంటీమీటర్ల తొట్టెకు 24 నుంచి 60 సరిపోవాలి. కానీ నల్లి విరగబడిన తొట్టెలో ఎర సాంద్రత గ్రీన్‌హౌస్ మట్టికంటే చాలా ఎక్కువ. అందుకే కొన్ని వందలు వెయ్యడం మేలు. వేల సంఖ్యలో ఉండే సీసా కొని అన్ని తొట్టెలకూ ఒకేసారి పంచడం తెలివైన పని, లేకపోతే ఒక తొట్టె శుభ్రమయ్యేలోగా పక్కది అంటిస్తుంది. సీసా వచ్చిన రోజునే వాడాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. వేసే ముందు అడ్డంగా పెట్టి మెల్లగా దొర్లించాలి, లేకపోతే నల్లి అంతా ఒక వైపే ఉంటుంది. 20 నుంచి 25 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తాయి, 14 కంటే తగ్గితే మందగిస్తాయి. ఫలితం కనబడటానికి 3 నుంచి 6 వారాలు ఓపిక పట్టాలి. ఎర అయిపోయాక అవీ క్రమంగా తగ్గిపోతాయి.

హైపోపస్ సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. కాళ్లకు గట్టిగా అతుక్కున్నదాన్ని వేటనల్లి అంత సులువుగా తీయలేదు. కానీ హైపోపస్ ఎప్పుడో ఒకప్పుడు దిగి, రూపం మార్చుకుని, మట్టిలోనే గుడ్లు పెట్టాలి. అక్కడ వేటగాళ్లు కాచుకుని ఉంటే ఆ తరం అంతటితో ఆగుతుంది. అందుకే మట్టి సరైతే ఒళ్లు ఆలస్యంగానైనా శుభ్రపడుతుంది, ఒళ్లు మాత్రమే తుడిస్తే మట్టి శుభ్రపడదు.

దీనికి మూల్యం ఉంది. తొట్టెలో ఉన్న స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న గెంతే జీవులనూ వేటనల్లి తింటుంది, అవి దాదాపు మాయమవుతాయి. స్ప్రింగ్‌టెయిల్స్ బూజు తిని ధాన్యపు నల్లికి పోటీగా ఉంటాయి కాబట్టి వాటిని తర్వాత తిరిగి వెయ్యాలి. వరుస ముఖ్యం: ముందు వేటనల్లి, రెండు నెలల తర్వాత స్ప్రింగ్‌టెయిల్స్. అప్పుడే పొదిగిన పిల్లలున్న తొట్టెలో వందల వేటనల్లి వదలడం మంచిది కాదు, అక్కడ కీరదోస ఎర పద్ధతే నయం. వేటనల్లి దొరకని ఊళ్లలో తోట మట్టి తెచ్చి కలిపి అందులోని నల్లి మీద ఆశ పెట్టుకోకూడదు. ఆ మట్టితో ఏం వస్తుందో తెలియదు.

మట్టి మార్చాల్సి వస్తే

పుల్లటి, కుళ్లు వాసన వస్తూ అడుగున నీళ్లు నిలిచిన మట్టిని మార్చక తప్పదు. మిగతా సందర్భాల్లో పై 5 సెంటీమీటర్లు తీసి కొత్తది వేస్తే సరిపోతుంది. మొత్తం మార్చడం చివరి మార్గం. ఎందుకంటే పాత మట్టిలో గుడ్లు ఉండవచ్చు, రోకలిబండలు ఒక్కో గుడ్డునూ పెంట, మట్టి కలిపిన చిన్న ఉండలో పెడతాయి. పైగా ఆకును అరిగించుకోవడానికి కావలసిన సూక్ష్మజీవులు పిల్లలకు అందేది ఆ పాత పెంటికల నుంచే.

60 × 40 తొట్టెలో 20 సెంటీమీటర్ల లోతుకు 48 లీటర్ల మట్టి కావాలి. అందులో 22 లీటర్లు బాగా చివికిన ఆకులు, 14 లీటర్లు చేత్తో నలిపితే పొడయ్యే తెల్లటి చివుకు కర్ర, 10 లీటర్లు మందు పడని మట్టి లేదా కొబ్బరి పొట్టు, 2 లీటర్లు గుడ్డుపెంకుల పొడి లేదా కట్టిల్‌బోన్ (సముద్రజీవి కట్టిల్‌ఫిష్ లోపలి సున్నపు పెంకు) పొడి. కొబ్బరి పొట్టు నిండా నింపితే చూడటానికి బాగుంటుంది గానీ రోకలిబండకు అందులో తిండి లేదు. పొడి కోసం తాంబూలపు సున్నం వాడకూడదు, అది ఒంటిని కాలుస్తుంది. బాదం ఆకులు బాగుంటాయి. వేప, యూకలిప్టస్, సరుగుడు, పైన్ వద్దు. పురుగుమందులు కొట్టే పార్కుల, రోడ్ల పక్క ఆకులు ఏరకూడదు.

వేడి చేసేటప్పుడు మట్టి లోపలి భాగం 70 డిగ్రీలకు చేరి అరగంట ఉండాలి. ఓవెన్ 100 డిగ్రీల దగ్గర పెట్టి, తడి మట్టిని 5 సెంటీమీటర్లకంటే మందం లేకుండా పరచి, రేకుతో మూయాలి. ఆకుల మీద మరిగే నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచి వార్చితే చాలు. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కొన్ని రోజులు పెట్టడం పెద్ద నల్లిని చంపుతుంది గానీ గుడ్లు, హైపోపస్ అన్నీ పోతాయన్న నమ్మకం లేదు. వేడి చేసిన మట్టికి అయిదో వంతు పాత మట్టి కలపాలి, ఆ పాత మట్టిని ముందుగా వేరే డబ్బాలో వేటనల్లితో నాలుగు వారాలు ఉంచి. పిడికిట్లో పిండితే ముద్ద కట్టి ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలాలి, ధార కారితే తేమ ఎక్కువ.

కొత్తది వచ్చినప్పుడు

అడవిలో పట్టిన జంతువుతో నల్లి రావడం మామూలే. తొలకరికి పొలం గట్ల మీద ఏరుకొచ్చే మన రోకలిబండలకూ ఇది వర్తిస్తుంది. కొత్తదాన్ని 30 నుంచి 45 రోజులు వేరే గదిలో, వేరే కుంచె, వేరే పట్టుకారుతో ఉంచాలి. ఆ రోజుల్లో చివరగా దాని పనే చూసి చేతులు కడుక్కోవాలి, ముందు దాని డబ్బా తెరిచి తర్వాత పాత తొట్టె తెరవకూడదు.

అమెరికాలో ఉన్న తెలుగువారు ఇంకో విషయం చూసుకోవాలి. ఆఫ్రికా జెయింట్ రోకలిబండలను దేశంలోకి తేవాలన్నా, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించాలన్నా అక్కడి వ్యవసాయ శాఖ కిందున్న జంతు, మొక్కల ఆరోగ్య తనిఖీ విభాగం ఇచ్చే పీపీక్యూ 526 పర్మిట్ కావాలి. వాటి మీద వచ్చే నల్లి, మట్టితో వచ్చే ఇతర జీవులు పంటలకు తెగులుగా మారవచ్చన్న భయం ఇలాంటి కట్టడి వెనుక ఉంది. వేరే రాష్ట్రానికి ఇల్లు మారేటప్పుడు కారులో పెట్టుకుపోవడం కూడా ఈ పరిధిలోకి వస్తుంది.

ఏ దేశంలోనైనా తీసేసిన మట్టిని తోటలో పొయ్యకూడదు. ఓవెన్ వేడికి గానీ మరిగే నీళ్లకు గానీ గురిచేసి, చల్లారాక సంచిలో కట్టి మూత ఉన్న చెత్తబుట్టలో వెయ్యాలి. తొట్టెను కూడా సబ్బు, వేడినీళ్లతో మూలలు, జాలీ అంచులు రుద్ది కడిగి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టాకే మళ్లీ నింపాలి. సబ్బు వాసన పూర్తిగా పోయేదాకా రోకలిబండను అందులోకి దింపకూడదు.